మెట్ల చివర గంట

ఫిబ్రవరి 3, మంగళవారం

వస్తోంది. లైట్‌హౌస్ సినిమా స్కోరు, అంటే నేపథ్య సంగీతం, మొత్తం రెండు సీడీల్లో. ఎక్స్‌పాండెడ్ ఎడిషన్.

పొద్దున షాపు షట్టర్ ఎత్తి ఫోన్ చూస్తే మా సినిమా సంగీతం గ్రూపులో ఇదే గోల. నమ్మబుద్ధి కాలేదు. సినిమా వచ్చినప్పటి ఎల్‌పీ రికార్డులో ఉన్నది సగం సంగీతమే. మిగతా సగం టేపులు ఏదో గోడౌన్‌లో చెమ్మకి పోయాయని ఇన్నేళ్ళూ అనుకున్నాం. పోలేదట. ఒక చిన్న కంపెనీ వాళ్ళు వెతికి పట్టుకున్నారట.

పాటల కోసం పడిచచ్చేవాళ్ళు లోకమంతా ఉంటారు. సీన్ల వెనకా మాటల వెనకా వచ్చే సంగీతం కోసం పడిచచ్చేవాళ్ళం ఊరికి నలుగురుంటాం. హీరోయిన్ తలుపు తీసేటప్పుడు వచ్చే వయొలిన్లు కావాలి మాకు. ఆ వయొలిన్ల మధ్య వాయించేవాడెవడైనా దగ్గితే ఇంకా ఆనందం. ఈ పిచ్చి గురించి మా ఆవిడకి చెప్పడం పెళ్ళయిన కొత్తల్లోనే మానేశాను.

గ్రూపులో నా పేరు చెవి. తాళంచెవులు చేసేవాణ్ణి కాబట్టి అనుకుంటారు కొత్తవాళ్ళు. కాదు. ఎల్‌పీ రెండో వైపు క్లారినెట్ ఒకచోట ఒక్క స్వరం తప్పుతుందని మొదట పట్టుకున్నది నేను. అప్పట్నుంచి ఏ డిస్కు వచ్చినా, ఆగండి, చెవిగారు ఏమంటారో చూద్దాం అంటారు. మనిషికి ఇంతకన్నా ఏం కావాలి.

ఫిబ్రవరి 5

ఆర్డర్ పెట్టాను. లిమిటెడ్ ఎడిషన్. ప్రతి కాపీ మీదా నంబరు వేస్తారట.

పళ్ళ డాక్టరు నాకన్నా ముందే పెట్టాడు. ఆర్డర్లు తెరిచిన నిమిషంలోనే, పేషెంటు నోరు తెరిచి ఉండగానే పెట్టానని గ్రూపులో గొప్పగా రాశాడు. ఆ పేషెంటు ఎవరో పాపం.

ఇతను కొన్నేళ్ళ కిందట బీరువా తాళం పోగొట్టుకుని నా షాపుకొచ్చాడు. లోపల మోగుతున్న సంగీతం విని, ఇది ఏ సినిమాదండీ అని అడిగాడు. అడిగినవాడు అడిగినట్టే పోతే బాగుండేది. ఇంటికి పిలిచాను. ఒక సీనుకి రాసిన ఒక్కో సంగీతం ముక్కని క్యూ అంటారని దగ్గర కూర్చోబెట్టి చెప్పాను. ఓబోకీ క్లారినెట్‌కీ తేడా తెలియని మనిషి. ఇప్పుడు ఆయన పోస్టులు నావాటికన్నా పొడుగు. పైగా నన్ను గురువుగారూ అంటాడు, అది ఇంకో మంట. ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అని ఊరికే అనలేదు.

ఫిబ్రవరి 12

కంపెనీ వాళ్ళు ఒక ముక్క రుచి చూపించారు. ఫోన్‌లో విన్నాను. సముద్రం క్యూ. ఫోన్ స్పీకర్లో సముద్రమంటే చెంబులో సముద్రమే, అయినా రోమాలు లేచాయి. ఒకావిడ డూప్లికేట్ తాళంచెవి కోసం నిలబడి ఉంది. వాన వస్తున్నట్టుందండీ, తొందరగా ఇవ్వండి అంది. వాన రావడం లేదు, అవి చెల్లోలనే పెద్ద వయొలిన్లు అని చెప్పలేదు.

ఫిబ్రవరి 19, మధ్యాహ్నం

పళ్ళ డాక్టరుకి వచ్చేసింది. ఫొటో పెట్టాడు. డబ్బా, బుక్‌లెట్, రెండు డిస్కులు, ఆయన వేళ్ళు. నంబరు పన్నెండు. బొటనవేలు సరిగ్గా నంబరు పక్కన పెట్టి మరీ తీశాడు.

చాలా సంతోషం డాక్టరుగారూ, ఆనందించండి అని రాశాను. రాసి, ఒక స్కూటర్ తాళంచెవి రెండుసార్లు తప్పుగా కోశాను.

ఫిబ్రవరి 20

నాది రాలేదు. దారిలో ఉందట. దారి ఎంత పొడుగో.

ఫిబ్రవరి 21, శనివారం

రివ్యూ రాశాడు. వేలితో ఎంత తోసినా అయిపోదు. సగం మెట్ల క్యూ గురించే.

భర్త లైట్‌హౌస్ పైన ఉన్నాడనుకుని భార్య దీపం పట్టుకుని మెట్లెక్కుతుంది. పైన ఎవరూ ఉండరు. అదీ సీను. ఎల్‌పీలో ఆ క్యూని సగంలోనే మెల్లగా తగ్గించి ఆపేశారు. ఆ తర్వాత ఏముందోనని నేను నా వయసంతా ఊహించుకుంటూ గడిపాను. సీడీలో పూర్తిగా ఉందట. వయొలిన్లన్నీ ఆగిపోయాక, ఇంక అయిపోయిందనుకున్నాక, ఎక్కడో దూరంగా చిన్న గంట మోగుతుందట. ఒక్కసారి. సన్నగా, సూదిమొనంత. అది విని ఆయన క్లినిక్‌లో కుర్చీలో కూలబడి ఏడ్చాడట. పేషెంట్ల కుర్చీలో.

దాని కింద టీచరమ్మ, నేనూ ఏడ్చాను అని రాసింది. ఆవిడ భూగోళం చెప్పి రిటైరైన మనిషి. మా నెలవారీ కూటాలు ఆవిడ ముందుగదిలోనే జరుగుతాయి. అంత తేలిగ్గా ఏడ్చే రకం కాదు. అందరూ ఏడుస్తున్నారు. నేనొక్కణ్ణే పొడి కళ్ళతో కొరియర్ కోసం చూస్తున్నాను.

ఫిబ్రవరి 23, సోమవారం

వచ్చింది. నంబరు నాలుగువందల ఆరు. సరే.

షాపు సాయంత్రానికే కట్టేసి ఇంటికొచ్చాను. డైరీలో కూడా అబద్ధమాడితే ఎలా, మొదటి డిస్కు అద్భుతం. ట్రాంబోన్ల బరువు స్వరాలు నేలని తాకుతున్నాయి. పెళ్ళి క్యూలో రెండు చెల్లోలు ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి, ఎల్‌పీలో అది ఒక్కటే అనుకున్నాను. ఆ తర్వాత మెట్ల క్యూ వచ్చింది. వయొలిన్లు ఒక్కొక్కటే తగ్గాయి, ఆగాయి. ఊపిరి బిగబట్టి కూర్చున్నాను.

తర్వాతి ట్రాకు మొదలైంది.

గంట లేదు. వెనక్కి తిప్పాను. సౌండ్ పెంచాను. స్పీకర్‌కి చెవి ఆనించాను. హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నాను. లేదు.

నాకు లోపమున్న కాపీ వచ్చింది. అదీ సంగతి. పన్నెండో నంబరుకి గంట, నాలుగువందల ఆరుకి గుండుసున్నా.

ఫిబ్రవరి 24

కంపెనీకి మెయిల్ రాశాను. మెట్లు ట్రాకు చివర నా కాపీలో గంట పడలేదు, మార్చి పంపండి అని. గ్రూపులో మాత్రం నోరు మెదపలేదు. చెవిగారు ఇంకా ఏమీ అనలేదేమిటని ఒకరు అడిగారు. తీరిగ్గా వింటున్నాను అన్నాను.

ఇవాళ ఎక్కడెక్కడి డిస్కుల పిచ్చివాళ్ళు కూడా గంట గురించే. ఒకాయన వాళ్ళమ్మ పోయిన పొద్దున ఆస్పత్రి వరండాలో విన్న గంట ఇదేనని రాశాడు. ఇంకొకాయన దాన్ని రింగ్‌టోన్‌గా పెట్టుకున్నాడట. గంట ఎవరు వాయించి ఉంటారు, కంచుదా, ఇత్తడిదా అని ఇద్దరు కొట్టుకుంటున్నారు. పిలవని పెళ్ళి భోజనాల వాసన కిటికీలోంచి వస్తున్నట్టుంది నాకు.

ఫిబ్రవరి 28, ఉదయం

షాపుకి వెళ్ళేముందు మళ్ళీ మెట్లు పెట్టాను. వంటింట్లోంచి మా ఆవిడ, ఎవరో బెల్లు కొట్టారు చూడండి అంది. వెళ్ళి తలుపు తీశాను. ఎవరూ లేరు. కింది అంతస్తుదాకా తొంగిచూశాను. పిల్లకాయల పని అయ్యుంటుంది అన్నాను. మన బిల్డింగులో పిల్లలెక్కడున్నారండీ అంది. ఈవిడకి ప్రతిదానికీ ఒక ప్రశ్న.

మార్చి 7, శనివారం

కొత్త కాపీ వచ్చింది. మీ డిస్కులో లోపం ఉండే అవకాశం లేదు, అయినా పాత అభిమాని కాబట్టి పంపుతున్నాం అని మర్యాదగా రాశారు. మర్యాద సరే, గంట ఏదీ? ఇందులోనూ లేదు.

ఒకే సినిమావి రెండు డబ్బాలు పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నాను. రెండు కాపీల్లోనూ లేదంటే అసలు లేదనే కదా. ఉంటే నాకు వినబడాలి. నాకు వినబడనిది పళ్ళ డాక్టరుకి వినబడటమేమిటి?

రాసేశాను. ఇది ఒకరు అనగానే పదిమంది విన్న గంట, ముందు గొర్రె గోతిలో పడితే మందంతా పడుతుంది, డాక్టరుగారి ఆంప్లిఫయర్ ఒకసారి బాగుచేయించుకుంటే మంచిది, అని. పోస్టు చేశాక కడుపులో చల్లగా అనిపించింది. భోజనం బాగా చేశాను.

మార్చి 8

గ్రూపు రెండు ముక్కలైంది. నేనొక ముక్క, మిగతా అందరూ ఒక ముక్క.

కొత్తగా చేరినవాడెవడో, చెవిగారికి వయసైపోయింది పాపం అన్నాడు. పళ్ళ డాక్టరు వాణ్ణి కోప్పడ్డాడు. గురువుగారు ఊరికే అనరు, నా సిస్టమే చెక్ చేయించుకుంటాను అని రాశాడు. నన్ను వెనకేసుకొచ్చాడు. ఒళ్ళు ఎంత మండిందో. మనశ్శాంతిగా కుళ్ళుకోనివ్వడు కూడా, మంచితనంతో చంపుతాడు.

మార్చి 10, సాయంత్రం ఆరు

మా ఆవిడ గుమ్మం దగ్గర కూర్చుని నా చొక్కాలకి గుండీలు కుడుతోంది. మెట్లు నడుస్తోంది. వయొలిన్లు ఆగాయి. ఆవిడ తలెత్తింది. ఆ రోజు బెల్లు ఇదా, నేను తలుపు అనుకున్నానండీ, బాగుంది అంది. మళ్ళీ తలొంచుకుని దారం తెంపింది.

ఇంకోసారి పెట్టాను. స్పీకర్‌ని కాదు, ఆవిణ్ణి చూస్తూ కూర్చున్నాను. వయొలిన్లు ఆగిన కాసేపటికి ఆవిడ సూది పట్టుకున్న చెయ్యి ఒక్క క్షణం ఆగింది.

గంట ఉంది. రెండు కాపీల్లోనూ ఉంది. అందరి కాపీల్లోనూ ఉంది.

వయొలిన్‌కీ గిటారుకీ తేడా చెప్పలేదు ఈవిడ. సినిమాలో నిద్రపోయి ఇంటర్వెల్లో లేస్తుంది. చిన్నప్పట్నుంచీ ఆ మెట్ల కింద కాపలా కాసినవాణ్ణి నేను, పైకెక్కి గంట విన్నది ఆవిడ. అదీ గుండీలు కుడుతూ. పళ్ళ డాక్టరు మీద మంట ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు. రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా ఉన్నది ఇదే. ఇవాళ నేను నా భార్య చెవుల్ని చూసి కుళ్ళుకున్నాను.

మార్చి 11

మా ఆవిడతో మాట్లాడలేదు. ఏమైందని అడిగింది. తలనొప్పన్నాను. మాత్ర తెచ్చిచ్చింది. లేని తలనొప్పికి మాత్ర వేసుకున్నాను.

మార్చి 15, ఆదివారం

కూటం.

మాకొక పద్ధతి ఉంది. కొత్త డిస్కు వస్తే టీచరమ్మ ముందుగదిలో అందరం కలిసి వింటాం. మాట్లాడకూడదు. కళ్ళు మూసుకుని, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని కూర్చోవాలి. ఇంతకుముందు వినని శబ్దం ఏది వినబడినా ఒక వేలు ఎత్తాలి. టీచరమ్మ ఒక్కతే కళ్ళు తెరుచుకుని ఎవరి వేలు ముందు లేచిందో చూస్తుంది. ఈ పద్ధతి పెట్టింది నేనే. ఎప్పుడూ మొదట లేచేది నా వేలే. వేళ్ళు లేచాక, చెవిగారిదే ఫస్టు అని ఆవిడ నవ్వేది. అందుకే పెట్టానేమో ఆ పద్ధతి, ఇప్పుడనిపిస్తోంది.

వెళ్ళకూడదనుకున్నాను. వెళ్ళకపోతే ఓడిపోయానని చెప్పినట్టే. గంట ఎన్నో నిమిషం ఎన్నో సెకనులో మోగుతుందో పోస్టుల్లో చదివి బట్టీపట్టాను. ప్లేయర్ మీద అంకెలు కనబడే కుర్చీ చూసుకుని కూర్చున్నాను. ఈ వెలుగు కళ్ళలో పడుతోందమ్మా అని ఎవరో అంటే టీచరమ్మ దానిమీద చేతిరుమాలు కప్పేసింది.

ఇంక మిగిలింది పళ్ళ డాక్టరు. సరిగ్గా ఎదురుగా కూర్చున్నాడు. కళ్ళు సగం మూసి అతని చేతినే చూస్తున్నాను. మెట్లు వచ్చింది. వయొలిన్లు తగ్గుతున్నాయి. అతని వేలు లేచింది. నేనూ లేపాను. అతని వేలు ఆగకుండా ముక్కుదాకా వెళ్ళి, జారిన కళ్ళజోడు పైకి తోసి, మళ్ళీ మోకాలి మీదికి దిగింది.

వయొలిన్లు ఇంకా వాయిస్తూనే ఉన్నాయి. నా వేలు గాల్లో ఉంది. దించితే ఒక తప్పు, దించకపోతే ఒక తప్పు. టీచరమ్మ నన్నే చూస్తోంది. తేలుకుట్టిన దొంగలా అలాగే ఉంచాను. ఆ క్యూ అంత పొడుగని నాకెప్పుడూ అనిపించలేదు. చివరికి సంగీతం ఆగింది. ఒకదాని తర్వాత ఒకటి అందరి వేళ్ళూ లేచాయి. గంట అప్పుడు మోగిందన్నమాట.

ఎవరిది ఫస్టో టీచరమ్మ చెప్పలేదు. టీ పోస్తూ నా కప్పులో మాత్రం నిండా పోసింది.

బయట పళ్ళ డాక్టరు కారు దగ్గర ఆగాడు. తెలిసిన చెవి డాక్టరు ఒకావిడ ఉంది, చాలా మంచావిడ, ఒకసారి చూపించుకుంటే పోయేదేముంది గురువుగారూ అన్నాడు. ఎంత మెల్లగా అన్నాడంటే పక్కవాళ్ళకి కూడా వినబడలేదు. నాకు వినబడింది. దింపుతాను రండి అంటే, బస్సులో వెళ్తానని చెప్పి నడిచొచ్చేశాను.

మార్చి 19, గురువారం

వెళ్ళాను. ఎవరికీ చెప్పలేదు.

గోడలకి మెత్తలు వేసిన చిన్న గది. హెడ్‌ఫోన్స్ పెట్టి చేతికి ఒక బటన్ ఇచ్చారు. శబ్దం వినబడినప్పుడల్లా నొక్కాలట. మా వేలు పద్ధతే. ఇక్కడ ఎదుటివాడి చేతిని చూసే వీలు లేదు, అంతే తేడా. మొదట్లో గబగబా నొక్కాను. తర్వాత చాలాసేపు ఏమీ రాలేదు. మిషను ఆగిపోయిందేమో అని తల తిప్పి చూశాను. గాజు అవతల డాక్టరమ్మ ఏదో తిప్పుతూనే ఉంది.

ఏం పని చేస్తారని అడిగింది. తాళంచెవులు కోస్తానన్నాను. తలూపింది. ఇత్తడి కోసేటప్పుడు ఆ మిషను పెట్టే కీచు ఎంత సన్నగా ఉంటుందో, అంత సన్నటి శబ్దాలే నాకు పోయాయట. మాటలు వినబడతాయి, వయొలిన్లు వినబడతాయి, పైన ఉండేవి పోయాయి. మిషను దగ్గర చెవులకి ఏమైనా పెట్టుకునేవారా అంది. సంగీతం పెట్టుకునేవాణ్ణి అన్నాను. మిషను చప్పుడుని మించి వినబడేంత గట్టిగానా అంది. అవునన్నాను. ఆవిడ నవ్వలేదు.

తిరిగొస్తాయా అంటే రావంది. చెవికి యంత్రం పెట్టుకుంటే మాటలు ఇంకా తేటగా ఉంటాయి, అంత సన్నటి గంట వినబడుతుందని మాత్రం మాటివ్వలేనంది.

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అంటారు. శంఖం నాకు బాగానే వినబడుతుంది. గంటే వినబడదు.

మార్చి 27

డిస్కులు పెట్టడం లేదు. గ్రూపు మ్యూట్ చేశాను. ఉండబట్టలేక మాటిమాటికీ తెరిచి చూస్తున్నాను. ఇవాళ పళ్ళ డాక్టరు గంటమీద రాసిన వ్యాసాన్ని కంపెనీ వాళ్ళు తమ పేజీలో పెట్టుకున్నారు. చివర, నాకు వినడం నేర్పిన చెవిగారికి అని రాశాడు. కింద ఒకటే చప్పట్లు. నేర్పినవాడికి లేనిది నేర్చుకున్నవాడికి ఉంటే దాన్నేమంటారు?

ఏప్రిల్ 2, గురువారం

మా ఆవిడ పట్టుకుంది. ఇన్ని రోజులుగా ఇంట్లో సంగీతం లేదు, మాట లేదు, గొడవ ఎవరితో, నాతోనేనా అని నిలదీసింది. ఏమీ లేదన్నాను. నాతోనే అయితే నాతోనే అనండి, నేనేం చేశానో నాకూ తెలియాలి కదా అంది.

గంట విన్నావు అన్నాను.

ఆవిడకి అర్థం కాలేదు. అప్పుడు మొత్తం చెప్పాను. రెండో కాపీ, గొర్రెల మంద, వేలు, పళ్ళ డాక్టరు కళ్ళజోడు, చెవి డాక్టరు. నీమీద కూడా కుళ్ళుకున్నాను అని అదీ చెప్పేశాను. కళ్ళజోడు దగ్గర నవ్వడం మొదలుపెట్టింది. నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుంది. తుడుచుకున్నాక కూడా కళ్ళు ఆగలేదు. మీరు ఆ గదిలోకి వెళ్ళి తలుపేసుకుంటే ఇన్నేళ్ళూ ఆ వయొలిన్ల మీద నాకెంత కుళ్ళుగా ఉండేదో మీకేం తెలుసండీ అంది.

తెలియదు. నిజంగానే తెలియదు.

ఏప్రిల్ 3, మధ్యాహ్నం

భోజనాలయ్యాక ఆవిడే వచ్చి పక్క కుర్చీలో కూర్చుంది. పెట్టండి, మోగినప్పుడు చెప్తాను అంది. మధ్యలో మాట్లాడితే పాడైపోతుందన్నాను. అలవాటు. అయితే మాట్లాడన్లెండి అని నా మణికట్టు పట్టుకుంది.

మెట్లు. వయొలిన్లు తగ్గాయి, ఆగాయి. ఏమీ లేదు. ఏమీ లేదు. వేలితో నొక్కింది.

గట్టిగా నొక్కి, నొక్కినదాన్ని మెల్లమెల్లగా వదులు చేస్తూ చివరికి వేలు తీసేసింది. అంతసేపు మోగిందన్నమాట. పోస్టుల్లో ఎవరూ ఆ సంగతి రాయలేదు.

ఏడవలేదు. పళ్ళ డాక్టరు ఏడ్చినచోట నేనేడవను.

ఏప్రిల్ 12, ఆదివారం

రోజూ కూర్చుంటున్నాం. మొదటి డిస్కు అయిపోయింది, రెండోది మొదలుపెట్టాం. ట్రయాంగిల్, పికోలో, హార్పులో పైతీగలు, నాకు లేని సన్నటి వాయిద్యాలన్నీ మణికట్టు మీద పడుతున్నాయి. వీటిలో కొన్ని ఎల్‌పీలో ఒకప్పుడు నేను విన్నవే. ఎప్పుడు పోయాయో తెలియకుండా పోయాయి. గుర్తున్నవాటినే వింటున్నాననుకుని గడిపేశాను.

ఆవిడకి అభిప్రాయాలు కూడా వచ్చాయి. తుఫాను క్యూ సింకులో గిన్నెలు పడేసినట్టుందట. ఆ భార్య మెట్లెక్కేముందు కింద నిలబడి ఒక్క కేక వేసి ఉంటే ఇంత ఏడుపు ఉండేది కాదట.

పళ్ళ డాక్టరు కొత్త పోస్టు పెట్టాడు. రెండో డిస్కు ఐదో ట్రాకులో ఎవరిదో కుర్చీ కిర్రుమందట. ఆయనే ఫస్టట. కుళ్ళు తగ్గి ఉంటుందనుకున్నాను, తగ్గలేదు. మా ఆవిడకి చూపించాను. కుర్చీ కిర్రుమంటే సంబరమేమిటండీ, మనది రోజూ అంటుంది అంది.

ఏప్రిల్ 19

రెండో డిస్కు చివరి ట్రాకు. వాయించడం అయిపోయింది. నొక్కింది.

ఇక్కడ గంట లేదే అన్నాను. గంట కాదట. ఎవరో మాట్లాడబోతుంటే ఇంకెవరో ష్ అన్నారట.

మళ్ళీ పెట్టాను. మళ్ళీ అక్కడే నొక్కింది.

గ్రూపంతా వెతికాను. పళ్ళ డాక్టరు రాయలేదు. ఎవరూ రాయలేదు. టైపు చేశాను. చెరిపేశాను. కుళ్ళుకోవడానికి కూడా వాళ్ళకిది ఇవ్వను.

ఇంకోసారి పెట్టండి అంది.